నాటు పెంకుతో ఫిగర్ స్కేటింగ్: అది లట్జా, ఫ్లిప్పా?

అందరికీ నమస్కారం. వెనకాల మిక్సీ మోత వినిపిస్తే ఏమీ అనుకోకండి, మా అమ్మ చట్నీ వేస్తోంది. ఆగమంటే ఆగే మనిషి కాదు.

నేను విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. మా ఊళ్లో ఐస్ కనిపించేది రెండే చోట్ల. ఒకటి చేపల మార్కెట్లో, రెండోది చెరకు రసం బండి దగ్గర. అలాంటి ఊళ్లో కూర్చుని నేను 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ నుంచి ఫిగర్ స్కేటింగ్, అంటే ఐస్ మీద జారుతూ జంపులు వేసే ఆట, చూస్తున్నాను. పోటీ ఉందంటే తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుంటాను. మా నానమ్మ మొదట్లో పక్కన కూర్చుని, "ఏటే గుంటా, ఆ పిల్లకి చలెయ్యదేటే?" అనేది. ఇప్పుడు తనే, "ఈ పిల్ల కింద పడిపోద్దే" అని ముందే చెప్పేస్తోంది. సగంసార్లు నిజమవుతోంది కూడా.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది: "అక్కా, అన్ని జంపులూ ఒకేలా ఉన్నాయి, నీకెలా తెలుస్తోంది?" ఆరు రకాల జంపులున్నాయి. ఆరూ ఒక్క వీడియోలో చెబితే మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఈ రోజు రెండే చూద్దాం, లట్జ్, ఫ్లిప్. ఈ రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. వీటిని విడదీసి చెప్పగలిగితే మిగతా నాలుగూ వాటంతటవే వచ్చేస్తాయి. వాటిలో ఆక్సెల్ అయితే నేర్చుకోనే అక్కర్లేదు. ముందుకి చూస్తూ లేచే జంపు అదొక్కటే. మిగతా అయిదూ వెనక్కి జారుతూ లేచేవే.

కావలసిన వస్తువులు రెండు. ఒక ఫోను, ఒక నాటు పెంకు.

(పెంకును కెమెరా దగ్గరికి తెస్తూ)

ఇదిగో, మా పెరటి వసారా మీద నుంచి తీసుకొచ్చాను. పెంకు లేనివాళ్లు పైపు ముక్కని నిలువుగా రెండుగా కోసుకున్నా సరిపోతుంది.

స్కేట్ కింద ఉండే బ్లేడ్ కూరగాయల కత్తిలా సన్నటి ఒకే అంచుతో ఉంటుందనుకుంటాం. కానీ దానికి సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అడుగున పొడవునా ఒక గాడి ఉంటుంది. సరిగ్గా ఈ పెంకులాగే. ఇప్పుడు పెంకుని ఇంటి కప్పు మీద బోర్లించినట్టు బల్ల మీద పెడుతున్నాను. ఏం తాకుతోంది? రెండు అంచులూ తాకుతున్నాయి, మధ్యలో ఖాళీ. ఇప్పుడు కొంచెం కుడికి వంచుతాను. ఒక అంచు లేచిపోయింది, ఒక్కటే బల్లకి ఆనింది. ఎడమకి వంచితే రెండోది ఆనింది. స్కేటింగ్ అంతా ఈ వంపులోనే ఉంది. స్కేటర్ నిటారుగా, రెండంచుల మీదా జారే సందర్భాలు చాలా తక్కువ.

మీ ఎడమకాలు ఊహించుకోండి. బొటనవేలి వైపు అంచు ఇన్‌సైడ్ ఎడ్జ్. చిటికెన వేలి వైపు అంచు అవుట్‌సైడ్ ఎడ్జ్. బ్లేడ్ ముందు భాగంలో రంపం పళ్లలాంటివి ఉంటాయి, వాటిని టో పిక్ అంటారు.

ఇక అసలు సంగతి. లట్జ్‌కీ ఫ్లిప్‌కీ రెండింటికీ స్కేటర్ ఎడమకాలి మీద వెనక్కి జారుతూ వస్తుంది. రెండింటిలోనూ కుడికాలి టో పిక్‌ని ఐస్‌లో గుచ్చి లేస్తుంది. గాల్లో అదే తిరుగుడు, దిగడం అదే కుడికాలి మీద. తేడా ఒక్కచోటే, ఆ ఎడమకాలి కింద. అవుట్‌సైడ్ ఎడ్జ్ మీద నుంచి లేస్తే లట్జ్. ఇన్‌సైడ్ ఎడ్జ్ మీద నుంచి లేస్తే ఫ్లిప్. చీలమండ బయటికి వాలిందా, లోపలికి వాలిందా, అంతే. కొందరు స్కేటర్లు గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతారు, వాళ్లకి కుడి ఎడమలు మార్చుకోండి. మెజారిటీ మాత్రం ఎడమ వైపుకే తిరుగుతారు.

ఇంత చిన్న తేడాకి అంత గొడవెందుకు అంటారేమో. అవుట్‌సైడ్ ఎడ్జ్ మీద వస్తున్న ఒళ్లు ఒక వైపుకి చుట్టు తిరుగుతూ ఉంటుంది. జంపు తిరగాల్సింది దానికి ఎదురు వైపు. మయూరి జంక్షన్‌లో ఆటో కుడికి తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి ఎడమకి కోసినట్టు. ఒళ్లు ఒప్పుకోదు. అందుకే చాలామందికి చివరి క్షణంలో, టో పిక్ గుచ్చబోయే ముందు, చీలమండ మెల్లగా లోపలికి దొర్లిపోతుంది. లట్జ్‌లా మొదలై ఫ్లిప్‌లా లేచే ఈ జంపుకి అభిమానులు పెట్టుకున్న ముద్దుపేరు ఫ్లట్జ్.

గుర్తుపట్టడానికి ఒక దొంగదారి చెబుతాను. లట్జ్‌కి వచ్చేటప్పుడు స్కేటర్ రింక్ మూలకి ఏటవాలుగా చాలాసేపు వెనక్కి జారుతుంది, భుజం మీదుగా వెనక్కి చూస్తూ. మనకే టెన్షన్ వచ్చేంతసేపు. ఫ్లిప్‌కి అంత ఎదురుచూపు ఉండదు. ముందుకి వస్తూ గబుక్కున వెనక్కి తిరుగుతుంది, ఆ వెంటనే లేస్తుంది. ఇది తొంభై శాతం పనికొస్తుంది అని నేను గట్టిగా చెప్పను, కానీ మొదటి నెలంతా నేను దీనితోనే నెట్టుకొచ్చాను.

ఇప్పుడు మీ ఫోను తీయండి. పోటీ వీడియోలు నేను ఇక్కడ వేస్తే హక్కుల గొడవ వస్తుంది, కాబట్టి మీరే పక్కన తెరుచుకోండి. యూట్యూబ్‌లో ఐఎస్‌యూ వాళ్ల ఛానెల్ ఉంది. ఐఎస్‌యూ అంటే అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం. జూనియర్ గ్రాండ్ ప్రి పోటీలు అందులో ఉచితంగా లైవ్ వస్తాయి. వీడియో మీద పళ్ల చక్రం గుర్తు నొక్కండి, ప్లేబ్యాక్ స్పీడ్‌లో 0.25 పెట్టండి. కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఇంకా సుఖం. వీడియో ఆపి, కీబోర్డులో ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకి, కామా నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కి. టో పిక్ ఐస్‌ని తాకిన ఫ్రేమ్ దొరికాక, దానికి ముందు మూడు నాలుగు ఫ్రేములు అటూ ఇటూ తిప్పండి. పైకి చూడొద్దు. మొహం, చేతులు, డ్రెస్సు మీద రాళ్లు ఏవీ వద్దు. ఎడమ చీలమండ ఒక్కటే చూడండి. కెమెరా స్కేటర్‌కి వెనక నుంచో ఎదురు నుంచో ఉన్న షాట్ అయితే తెలుస్తుంది. పక్క నుంచి తీసిన షాట్‌లో దేవుడికి కూడా తెలియదు.

ఇది నేను ఎందుకు నేర్చుకున్నానో చెప్పాలి. కొంచెం సిగ్గుగానే ఉంది.

నా అభిమాన స్కేటర్ కావోరి సకమోతో. 2000లో జపాన్‌లోని కోబేలో పుట్టింది. 2022 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి ఆడపిల్లల పోటీ అంతా క్వాడ్‌ల మీద, అంటే గాల్లో నాలుగు చుట్లు తిరిగే జంపుల మీద నడుస్తోంది. పోటీలో రెండు భాగాలుంటాయి, ముందు చిన్నది షార్ట్ ప్రోగ్రామ్, తర్వాత పెద్దది ఫ్రీ స్కేట్. వెండి గెలిచిన రష్యా అమ్మాయి ట్రుసోవా ఒక్క ఫ్రీ స్కేట్‌లోనే అయిదు క్వాడ్‌లకి దిగింది. కావోరికి ఒక్క క్వాడ్ లేదు, ట్రిపుల్ ఆక్సెల్ కూడా లేదు. ఉన్న జంపుల్నే బుల్లెట్ బండిలాంటి వేగంతో వేసి 233.13 పాయింట్లతో కాంస్యం పట్టుకెళ్లింది. ఆ తర్వాత 2022, 2023, 2024లో వరసగా మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. మహిళల్లో అలా వరసగా మూడు కొట్టడం 1966-68లో అమెరికా స్కేటర్ పెగ్గీ ఫ్లెమింగ్ తర్వాత మళ్లీ అదే. 2024 మాంట్రియల్‌లో షార్ట్ ప్రోగ్రామ్ అయ్యేసరికి నాలుగో స్థానంలో ఉంది. ఆ రోజు మా ఇంట్లో నేను అన్నం తినలేదు. ఫ్రీ స్కేట్ అయ్యాక రెండు పూటలదీ కలిపి తిన్నాను.

సరే, అలాంటి మనిషి లట్జ్ పక్కన ఒక పోటీ స్కోర్ షీటులో ఆశ్చర్యార్థకం గుర్తు కనిపించింది. ఎడ్జ్ స్పష్టంగా లేదని టెక్నికల్ ప్యానెల్, అంటే జంపు సరిగ్గా పడిందో లేదో తేల్చేవాళ్లు, పెట్టే గుర్తు అది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజంతా ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఆ ప్యానెల్ అన్యాయం గురించే చెప్పాను. పాలబ్బాయిని కూడా వదల్లేదు.

అప్పుడే మా చిన్నాన్న కొడుకు వచ్చాడు. వాడు నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ చేస్తాడు. మన ఉత్తరాంధ్రలో ఆ ఆట గురించి ఒకరికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆమదాలవలస వైపు నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన నేల ఇది. వాడు నా గొడవంతా విని, పకోడీ నములుతూ అన్నాడు: "అప్పా, బరువు పైకెళ్లాక మోచెయ్యి కొంచెం వంగి మళ్లీ సాగిందనుకో, మాకు ఎర్ర లైటే. కోచ్ ఏడ్చినా అంతే, అమ్మ ఏడ్చినా అంతే. ఇంతకీ నువ్వు ఆ పిల్ల కాలు చూసావా, మొహం చూసావా?"

మొహమే చూశాను. నాలుగేళ్లుగా మొహమే చూస్తున్నాను.

ఆ రాత్రి 0.25లో పెట్టి పదకొండుసార్లు చూశాను. మూలకి జారుతున్నంతసేపూ అవుట్‌సైడ్ మీదే ఉంది. టో పిక్ వెనక్కి వెళ్తుండగా చీలమండ నిటారైపోయింది, పెంకు రెండంచులూ బల్లకి ఆనినట్టు. ప్యానెల్ తప్పు చెప్పలేదు. కోపం దిగడానికి రెండు రోజులు పట్టింది. ఈసారి కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు.

కానీ దాని వల్ల ఇంకోటి తెలిసింది. ఇన్‌సైడ్ ఎడ్జ్ మీదికి ఇష్టంగా దొర్లే కాలు లట్జ్‌కి శాపమైతే ఫ్లిప్‌కి వరం. కావోరి ఫ్లిప్ ఎందుకు అంత ధీమాగా ఉంటుందో అప్పుడు అర్థమైంది.

స్కోర్ షీటు సంగతి కూడా చూద్దాం. ఐఎస్‌యూ ఫలితాల పేజీలో ‘జడ్జెస్ స్కోర్స్’ అని పీడీఎఫ్ ఉంటుంది. నేను ఒకసారి ప్రింట్ తీయించడానికి వెళ్తే జిరాక్స్ షాపాయన కాగితం అటూ ఇటూ తిప్పి, "బ్లడ్ రిపోర్టా అమ్మా? అన్నీ ఎక్కువే ఉన్నాయి" అన్నాడు. అలాగే ఉంటుంది మరి. జంపు పేరు ముందు అంకె ఎన్ని చుట్లో చెబుతుంది. పక్కన చిన్న ‘ఇ’ అక్షరం ఉంటే ఎడ్జ్ తప్పు. ఆశ్చర్యార్థకం ఉంటే అనుమానం. జంపు విలువ అంకె పక్కన ‘ఎక్స్’ ఉంటే చివర్లో వేసిన జంపు, పది శాతం అదనం. అలిసిపోయాక వేసినందుకు కూలి అనుకోండి.

2024-25 సీజన్ లెక్కలో ట్రిపుల్ లట్జ్ విలువ 5.90. ట్రిపుల్ ఫ్లిప్ 5.30. లట్జ్‌కి ‘ఇ’ పడిందంటే విలువలో ఎనభై శాతమే ఇస్తారు, 4.72. అంటే ఎడ్జ్ తప్పిన లట్జ్ మామూలు ఫ్లిప్ కంటే చవక. ఆశ్చర్యార్థకం పడితే మూల విలువ తగ్గదు, జడ్జిలు ఇచ్చే నాణ్యత మార్కుల్లో దెబ్బ పడుతుంది. ఆ మార్కులు మైనస్ అయిదు నుంచి ప్లస్ అయిదు వరకూ ఉంటాయి. ఒక్కో మెట్టు జంపు విలువలో పది శాతం.

ఇక్కడ నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది. కావోరి ఫ్రీ స్కేట్ రెండో సగంలో ట్రిపుల్ ఫ్లిప్, వెంటనే ట్రిపుల్ టో లూప్ (అదీ ఆ ఆరు జంపుల్లో ఒకటే) కలిపి వేస్తుంది. 5.30, 4.20 కలిపితే 9.50. క్వాడ్ టో లూప్ మూల విలువ ఎంతో తెలుసా? అదే 9.50. అది చివరి మూడు జంపుల్లో పడితే పది శాతం కలిసి 10.45 అవుతుంది. డబుల్ ఆక్సెల్ ఇంకా తమాషా. దాని విలువ 3.30 మాత్రమే. జడ్జిలందరూ ప్లస్ అయిదు ఇస్తే 4.95కి చేరుతుంది, అంటే ట్రిపుల్ లూప్ మూల విలువ 4.90ని దాటిపోతుంది. కావోరి డబుల్ ఆక్సెల్ ఎంత దూరం వెళ్లి దిగుతుందో చూడండి, మీకే తెలుస్తుంది క్వాడ్ లేకుండా ఎలా బతికిందో.

టైములు గబగబా చెప్పేస్తాను. దసరా వెళ్లిన మంగళవారం మాకు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఇంచుమించు ఆ రోజుల్లోనే గ్రాండ్ ప్రి సీజన్ మొదలవుతుంది. ఆరు పోటీలు, డిసెంబరులో ఫైనల్, మార్చిలో ప్రపంచ పోటీలు. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, అక్కడ సాయంత్రం ఏడంటే మనకి మధ్యాహ్నం మూడున్నర, హాయిగా చూడొచ్చు. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఏడంటే అక్టోబరులో మనకి తెల్లవారుజాము నాలుగున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారాక అయిదున్నర. ఈ మార్పు మరచిపోయి నేనొకసారి గంట ముందే లేచి, ఖాళీ రింక్ మీద ఐస్ చదును చేసే బండిని చూస్తూ కూర్చున్నాను.

కావోరి 2025-26 సీజన్‌తో పోటీలకి సెలవు అని ముందే ప్రకటించింది. దాని గురించి ఇప్పుడు మాట్లాడలేను. ఆమె పాత వీడియోలన్నీ మొదటి నుంచి చూస్తున్నాను, ఈసారి చీలమండ చూస్తూ.

మీకు ఒక పని ఇస్తున్నాను. ఏదైనా జూనియర్ పోటీ తెరిచి, మీకు పేరు కూడా తెలియని పది మంది స్కేటర్ల లట్జులు చూడండి. ఒక్కోదానికీ కాగితం మీద బాగుంది, అనుమానం, తప్పు, మూడిట్లో ఒకటి రాసుకోండి. తర్వాతే షీటు తెరిచి పోల్చుకోండి. ముందు షీటు చూస్తే మీ కళ్లు దాని మాటే వింటాయి. నాకు మొదటిసారి పదిలో నాలుగు కలిశాయి. అభిమానం ఉన్న స్కేటర్‌తో మాత్రం మొదలుపెట్టకండి, కళ్లు అబద్ధం చెబుతాయి.

వచ్చే వీడియోలో సాల్కావ్, లూప్...

(వెనక నుంచి నానమ్మ గొంతు)

ఆఁ, వస్తున్నానే! పెంకు ఇచ్చెయ్యాలట. వసారాలో సరిగ్గా పొయ్యి మీదనే కన్నం పడిందట, మబ్బు కమ్ముకొస్తోందట. ఉంటానండీ, నిచ్చెన ఎక్కాలి.