డ్యూటీ మారేటప్పుడు మంచం పక్కన సిస్టర్లు ఏం మాట్లాడుకుంటారు?

[తెర మీద: కర్నూలు పెద్దాసుపత్రి. మగవాళ్ల సర్జరీ వార్డు. గడియారంలో 8 కావస్తోంది.]

వ్యాఖ్యాత: పేషెంటు పక్కన ఒక్క రాత్రి ఉన్నవాళ్లకైనా ఇది తెలుసు. రాత్రి డ్యూటీ సిస్టర్, పొద్దున డ్యూటీ సిస్టర్ కేస్ షీట్లు పట్టుకుని మంచం మంచం తిరుగుతారు. ఛార్జ్ అప్పగించడం అంటే ఇదే. సర్కారు ఆసుపత్రుల్లో ఎక్కువగా పొద్దున 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి డ్యూటీలు మారతాయి. అంటే పేషెంటు రోజుకు మూడుసార్లు చేతులు మారతాడు.

టేబుల్ దగ్గరే కూర్చుని రిజిస్టర్ చదువుకుంటే త్వరగా అయిపోతుంది కదా, మంచం దాకా ఎందుకు? ఇది చూడండి.

[కల్పిత సన్నివేశం: ఆదోని పెద్దాయన. హెర్నియా ఆపరేషన్ అయి రెండో రోజు. షుగర్ ఉంది. పక్కన కూతురు.]

రాత్రి సిస్టర్: జ్వరం లేదు, యూరిన్ బాగానే వస్తోంది. ఇన్సులిన్ ఏడున్నరకు వేసినాను.

పొద్దున సిస్టర్: పెద్దాయనా, ఎట్లుంది? టిఫిన్ తిన్నారా?

కూతురు: లేదు సిస్టరమ్మా. వాంతి వచ్చేట్లుందని ఇడ్లీ ముట్టనే లేదు.

వ్యాఖ్యాత: షీట్‌లో ఇన్సులిన్ వేసినట్టు రాసి ఉంది, అది నిజమే. కానీ తిండికి ముందు వేసే ఇన్సులిన్ పడ్డాక తినకపోతే షుగర్ దిగిపోతుంది. చెమటలు, వణుకు, ఇంకా ఆలస్యమైతే స్పృహ తప్పడం. ఇడ్లీ తినలేదన్న మాట ఏ కాగితంలోనూ లేదు, కూతురికే తెలుసు. ఇప్పుడు సిస్టర్ వెంటనే షుగర్ చూసి డాక్టర్‌కు చెబుతుంది.

[దగ్గరగా: సెలైన్ ఎక్కుతున్న చెయ్యి.]

మాటలతో పాటు కళ్లూ పనిచేస్తుంటాయి. క్యాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టిన చిన్న గొట్టం) చుట్టూ వాచిందా, సెలైన్ సరిగా ఎక్కుతోందా, కట్టు తడిసిందా, యూరిన్ బ్యాగ్ నిండిందా. ఇద్దరూ కలిసి చూస్తే, తర్వాత "నా డ్యూటీలో బాగానే ఉండె" అనే గొడవే ఉండదు.

చెప్పడానికీ ఒక వరస ఉంది: ఇప్పుడెలా ఉంది, ముందు ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, ఇక ఏం చేయాలి. నర్సింగ్‌లో దీన్ని ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రులకు వచ్చిన పద్ధతి. ఛార్జ్ అప్పగించేటప్పుడు ఇలాంటి వరస పాటించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచించింది.

నిజం చెప్పాలంటే వార్డు నిండా జనం, సిస్టర్లు ఇద్దరో ముగ్గురో ఉన్నచోట ప్రతి మంచం దగ్గరా ఇంతసేపు నిలబడటం కుదరదు. అలాంటప్పుడు కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు, సీరియస్‌గా ఉన్నవాళ్ల దగ్గరైనా ఆగాలని నా అభిప్రాయం.

ఇంకో చిక్కుంది. మన వార్డుల్లో మంచానికీ మంచానికీ మధ్య జానెడు దూరం. హెచ్ఐవీ రిపోర్ట్, పెళ్లికాని అమ్మాయి గర్భం లాంటివి అక్కడ పైకి చదవకూడదు. అవి పక్కకెళ్లి మాట్లాడుకోవాల్సిందే.

[తెర మీద: మంచం పక్కన కూర్చున్న పేషెంటు తాలూకు మనిషి.]

పేషెంటుకు తోడుగా ఉన్న మీరు చేయాల్సింది చిన్నదే. రాత్రి వాంతి అయిందా, ఏ మందు పడదు, బయట కొన్న మాత్ర ఏమైనా వేశారా, ఇవి సిస్టర్లిద్దరూ ఉన్నప్పుడే చెప్పండి. నొప్పి సంగతి పేషెంటునే చెప్పనివ్వండి. మధ్యలో బిల్లు గురించీ డిశ్చార్జ్ గురించీ అడగకండి, వాళ్ల లెక్క తప్పుతుంది. టీకి వెళ్లాలంటే ఏడున్నరకే వెళ్లొచ్చేయండి.