పిల్లి తల వేలాడేస్తే రీల్ తీయకండి, రక్తం తీయించండి

"ఆ షార్ట్ ఎందుకు తీసేశావ్ అన్నా? వ్యూస్ వచ్చాక నీతులా అన్నా? ఎవరు బెదిరించారన్నా?" వారం నుంచి కామెంట్లలో ఇదే గోల. ఎవరూ బెదిరించలేదు. కూర్చోండి, చెప్తా.

చూడనివాళ్ల కోసం ఒక్క ముక్క. మా పిల్లి చింతపిక్క తల వేలాడేసుకుని, గడ్డం ఛాతీకి ఆనించుకుని, కళ్లు మాత్రం పైకెత్తి చూస్తూ హాల్లో నడిచొస్తోంది. నేను దానికి ఏడుపు మ్యూజిక్ తగిలించి, 'సోమవారం పొద్దున మారతహళ్లి బ్రిడ్జి దగ్గర నేను' అని రాసి వదిలాను. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు ఒక్కరూ వదలకుండా షేర్ చేశారు. నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల మధ్య ఎవరో ఒకమ్మాయి రాసింది: "ఇది కామెడీ కాదండీ, ఇవాళే దీనికి పొటాషియం చూపించండి." నేను ఏం చేశానో తెలుసా? ఆ కామెంటుకి కూడా హార్ట్ కొట్టి పోయాను. చదవలేదు. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

కాబట్టి ఈ వీడియోలో నేను చెప్పేది ఒక్కటే మాట, దాన్నే పదిసార్లు చెప్తా, విసుగొస్తే రెండింతల స్పీడులో పెట్టుకోండి. పిల్లి తల పైకెత్తలేకపోతోందంటే అది అలగలేదు, సిగ్గుపడలేదు, మీరు తిట్టారని బాధపడట్లేదు. తల మోసే సత్తువ దాని మెడకి లేదు. అంతే. మొదట చూడాల్సింది రక్తంలో పొటాషియం.

మెడే ఎందుకు? నాకూ అదే డౌటు. కుక్కకి మెడ వెనకాల ఒక గట్టి లిగమెంట్ ఉంటుంది, పందిరికి కట్టిన మోకులాగా తలని పట్టి ఉంచుతుంది. పిల్లికి ఆ మోకు లేదు. తల బరువంతా కండరాలే మోయాలి. అందుకే ఒళ్లంతా కండరాలు నీరసించినా ముందు బయటపడేది మెడ దగ్గర. మనకేమో అది క్యూట్‌గా కనిపిస్తుంది. పెద్ద కళ్లేసుకుని కిందనుంచి చూస్తోంది కదా అని జూమ్ చేసి మరీ తీస్తాం. నేను తీశాను కదా!

షార్ట్ పెట్టిన మూడో రోజు రాత్రి. చింతపిక్కకి తొమ్మిదేళ్లు, అయినా రోజూ మా ఫ్రిజ్ ఎక్కి పడుకుంటుంది, పైన వెచ్చగా ఉంటుంది కదా. ముందు స్టూలు, స్టూలు మీంచి కిచెన్ గట్టు, గట్టు మీంచి ఫ్రిజ్. ఆ రోజు గట్టు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ఎగరబోయి మానుకుంది, మళ్లీ ఎగరబోయి మానుకుంది, మూడోసారి ఎగిరింది. ముందుకాళ్లు ఫ్రిజ్ అంచుకి అందాయి, వెనక భాగం గోనె సంచిలా వేలాడింది. గోళ్లతో ఆ ఇనుప రేకుని గీకుతూ జారింది చూడండి, ఆ కీచుమనే శబ్దం నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. కిందపడి లేవలేదు. అరవనూ లేదు. పడ్డచోటే గడ్డం నేలకి ఆనించి పడుకుంది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి, "ఏమండీ, ఇది సోమరితనం కాదండీ" అంది. అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. (చింతపిక్క అని పేరు పెట్టి ముద్దుగా 'పిక్కా' అని పిలుచుకుంటాం. కాలి పిక్కల్లో బలం లేని పిక్క. దేవుడు కూడా మీమ్స్ చేస్తాడు.)

మరుసటి రోజు దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్కి తీసుకెళ్లాం. పేరు చెప్పను, అడక్కండి, కామెంట్లలో ఊహించకండి. అక్కడాయన పిల్లిని బుట్టలోంచి పూర్తిగా బయటికి కూడా తీయలేదు. "ఏజ్ అయ్యింది సార్, మెడ పట్టేసుంటుంది" అని ఒక విటమిన్ ఇంజెక్షన్ పొడిచి పంపేశాడు. రక్తం తీయలేదు. బీపీ చూడలేదు. నడిపించి చూడలేదు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మనిషికి నీరసంగా ఉందంటే ఈ ఊళ్లో ఫుల్ బాడీ చెకప్ ఆఫర్లు, అరవై టెస్టులు, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు. పిల్లికి నీరసమంటే మాత్రం "ఏజ్ అయ్యింది." వయసు రోగం పేరా? మా నాన్నకి డెబ్భై, ఆయన తల వేలాడేసుకుని తిరుగుతున్నాడా?

రెండు రోజులయ్యాక ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ పిల్లిని ముట్టుకునేముందు అడిగిన మొదటి ప్రశ్న: "వీడియో ఏమైనా ఉందా?" ఉందమ్మా. లక్షలమంది చూసిన వీడియో ఉంది. మ్యూజిక్‌తో సహా ఉంది. ఫోన్ ఆవిడ చేతికిచ్చి గోడవైపు చూస్తూ నిలబడ్డాను. ఆవిడ నవ్వలేదు. మ్యూట్ చేసి మూడుసార్లు చూసింది, రక్తం తీసింది. పొటాషియం 2.6. సాధారణంగా 3.5కి పైన ఉండాలి, 3 దాటి కిందికి దిగితే కండరాలు మాట వినవు. క్రియాటినిన్ కూడా ఎక్కువే. అంటే కిడ్నీలు. పాడవుతున్న కిడ్నీ పొటాషియాన్ని మూత్రంలో వదిలేస్తుంది, ఒంట్లో బాగాలేక పిల్లి తిండి తగ్గిస్తుంది, తిండిలోంచి రావాల్సిందీ రాదు. రెండువైపులా చిల్లే. ఇంకా కిందికి పడితే ఊపిరి పీల్చే కండరాలు కూడా ఆగిపోతాయట. నేను దానికి ఏడుపు మ్యూజిక్ పెట్టాను.

ఆ రాత్రే షార్ట్ తీసేశాను. అదీ కథ.

ఇప్పుడు పెరుగన్నం గొడవకి వద్దాం. నేను "ఫ్లాట్లో పిల్లికి పాలూ పెరుగన్నంతో సరిపెట్టకండి" అన్నానో లేదో, కొట్టడానికొచ్చారు. "మా నాయనమ్మ జీవితాంతం పెరుగన్నమే పెట్టింది, పిల్లి గుండ్రాయిలా ఉండేది!" నాయనా, మా నాయనమ్మా పెట్టింది, హిందూపురంలో, వసారాలో, అదే సత్తు గిన్నెలో. కానీ ఆ పిల్లి పెరుగన్నం నాకేసి ఎక్కడికి పోయేది? గాదె దగ్గరికి. ఎలుక, బల్లి, పిచ్చుక, పొలం గట్టు మీద ఏది దొరికితే అది. నాయనమ్మ పెట్టింది టిఫిను. భోజనం అది బయట చేసొచ్చేది. మీరేం చేశారు? ఆ పిల్లిని తెచ్చి బెళ్లందూరులో ఏడో అంతస్తులో పెట్టి, బాల్కనీకి వల కట్టి, టిఫిన్ మాత్రం కంటిన్యూ చేసి భోజనం ఆపేశారు. ఫ్లాట్లో బలహీనపడే పిల్లుల్లో సగానికి ఇదే కారణమని నా థియరీ. నా థియరీయే, ఏ డాక్టరూ చెప్పలేదు, తిట్టాలనుకుంటే నన్నే తిట్టండి.

అయితే గాలి కబుర్లూ కాదు. శాకాహారం మీద ఉంచిన పిల్లుల్లో పొటాషియం పడిపోయి కండరాలు నీరసించిన సంగతి 1992లోనే ఆస్ట్రేలియా పశువైద్య పత్రికలో వచ్చింది. పొటాషియం మాత్రమే కాదు, టారిన్ అని ఇంకోటుంది, మాంసంలో ఉంటుంది, ఎలుకలో బోలెడు, అన్నంలో లేదు. అది లేకపోతే పిల్లి గుండె ఉబ్బి బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా డేవిస్ యూనివర్సిటీవాళ్లు చూపించారు, ఆ తర్వాతే కంపెనీలు పిల్లి తిండిలో టారిన్ పెంచాయి. పోనీ పచ్చి చేప పెడతానంటారా? కొన్ని పచ్చి చేపల్లో బీ1 విటమిన్‌ని తినేసే ఎంజైమ్ ఉంటుంది, రోజూ అదే పెడితే అప్పుడూ మెడ వాలిపోతుంది. వండితే ఆ ఎంజైమ్ చస్తుంది. వండి పెట్టండి.

సరే, పొటాషియం అనగానే మా పక్కింటి ఆంటీ ఏమన్నారో ఊహించండి. "ఎళనీరు పట్టించప్పా!" కొబ్బరినీళ్లు. కామెంట్లలో అయితే అరటిపండు బ్యాచ్. పిల్లికి తీపి రుచే తెలీదు, ఆ జన్యువే పనిచేయదు, మీ చక్కెరకేళి దానికి బంకమట్టితో సమానం. అది పక్కన పెడదాం. అసలు ప్రమాదం వేరే ఉంది, ఇక్కడ దయచేసి స్కిప్ చేయకండి. మగపిల్లికి మూత్రం అడ్డుపడుతుంది. లిట్టర్ బాక్స్‌లో కూర్చుని ముక్కుతూ ఉంటుంది, చుక్క రాదు, అదీ నీరసపడి వాలిపోతుంది. కానీ దాని ఒంట్లో పొటాషియం తగ్గదు, పెరిగిపోతుంది, గుండె ఆగేంత పెరుగుతుంది. చూడ్డానికి అదే నీరసం, లోపల పూర్తిగా తలకిందులు. దానికి మీరు యూట్యూబ్‌లో ఎవడో చెప్పాడని పొటాషియం పోశారనుకోండి, చంపింది మీరే. ఆ ఎవడో నేను కాకూడదనే ఇంత అరుస్తున్నా. టెస్టు ముందు, మందు తర్వాత. డాక్టర్లు సెలైన్‌లో పొటాషియం ఎక్కించినా నెమ్మదిగా, లెక్క చూసుకుంటూ ఎక్కిస్తారు.

ఇంకో పని కూడా చేయకండి. "ఒళ్లు నొప్పులేమో పాపం" అని డోలో ముక్క, క్రోసిన్ ముక్క. ఏ పారాసిటమాల్ అయినా సరే, పిల్లికి విషం. దాని లివర్ ఆ మందుని విరగ్గొట్టలేదు, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. కుక్కకి వేసే గోమారి మందు, మెడ మీద చుక్కలు వేస్తారే, అది మిగిలిందని పిల్లికి వేయడం కూడా అంతే. అందులో పర్మెత్రిన్ ఉంటే పిల్లి వణికి వణికి ఫిట్స్‌లోకి పోతుంది.

"మా పిల్లికి మెడ బాగానే ఉంది అన్నా, కాళ్లే తేడాగా ఉన్నాయి" అని చాలామంది రాశారు. ఎలా తేడా? అదీ ముఖ్యం. పిల్లి మామూలుగా మునివేళ్ల మీద నడుస్తుంది. వెనక కాళ్లు మడమల దాకా నేలకి ఆనించి, కుందేలులా నడుస్తోందా, నీళ్లు కూడా తెగ తాగుతోందా, షుగర్ చూపించండి. అవును, పిల్లులకీ షుగర్ వస్తుంది, నరాలు దెబ్బతిని అలా నడుస్తాయి. అదే గనక ఇప్పటిదాకా బాగున్న పిల్లి ఒక్కసారిగా గావుకేక పెట్టి, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ పోతోందా? కాలు పట్టుకుని చూడండి. చల్లగా ఉందా, అరికాలి మెత్తలు పాలిపోయో నీలంగానో ఉన్నాయా? గుండెలోంచి రక్తపు గడ్డ వచ్చి కాళ్లకి వెళ్లే నాళానికి అడ్డుపడిందన్నమాట. అప్పుడు నా వీడియో ఆపేయండి, వాట్సాప్ గ్రూపులో అడగకండి, నూనె రాసి మర్దనా చేయకండి, ఆటో ఎక్కండి. రాత్రి తెరిచి ఉండే వెట్ నంబరు ఇవాళే సేవ్ చేసుకోండి, అవుటర్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కున్నాక వెతుక్కోవడం కాదు. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది, మంచిదే, కానీ మారతహళ్లి నుంచి హెబ్బాళ సాయంత్రం ఆరింటికి ఎంతసేపో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అంత అర్జెంటు కాని నీరసమైతే ముందు వీడియో తీయండి. ఏంటి, ఇందాక తీయొద్దన్నావు కదా అంటారా? తీయండి, మ్యూజిక్ పెట్టకండి, పోస్ట్ చేయకండి, డాక్టర్‌కి చూపించండి. క్లినిక్‌లో భయానికి పిల్లి బిగుసుకుని కూర్చుంటుంది, ఇంట్లో నడిచే నడక అక్కడ కనిపించదు. పక్కనుంచి తీయండి, ఎగిరేటప్పుడు తీయండి, తినేటప్పుడు తల ఎలా పెడుతోందో తీయండి. డాక్టర్ "ఏజ్" అంటే, "సరే సార్, పొటాషియం, క్రియాటినిన్, షుగర్ రాసివ్వండి, బీపీ కూడా చూడండి" అనండి. కోపమొస్తే రానివ్వండి. అన్నీ నార్మల్ వస్తే ఇంకా వెతకాలి, నరాలూ కండరాలూ కలిసేచోట వచ్చే జబ్బులున్నాయి, పురుగుమందు విషాలున్నాయి, బర్మీస్ జాతిలో అయితే పుట్టుకతోనే పొటాషియం పడిపోయే లక్షణం ఉంది. అవి డాక్టర్ల పని.

ఇంట్లో మేం చేసింది చాలా తక్కువ. ఫ్రిజ్ దగ్గర స్టూలు తీసేశాం, ఎక్కాలనే ఆశ పుట్టకుండా. లిట్టర్ బాక్స్ అంచు ఎత్తుగా ఉందని వదిలేసి, ఐదు సెంటీమీటర్ల అంచున్న ప్లాస్టిక్ ట్రే పెట్టాం. గిన్నెని రెండు పుస్తకాల మీద పెట్టాం, తల వంచే పని లేకుండా. డాక్టరమ్మ రాసిచ్చిన పొటాషియం పొడి తిండిలో కలిపితే మొదటి రోజు వాసన చూసి, గిన్నె చుట్టూ నేలని గీకింది, మన్ను కప్పుతున్నట్టు. ఉడికించిన చికెన్ నీళ్లలో కలిపితే తాగింది.

నాలుగో రోజు పొద్దున నేను కాఫీ కలుపుకుంటుంటే వెనకాల ఎవరో చూస్తున్నట్టు అనిపించి తిరిగాను. గుమ్మంలో కూర్చుని ఉంది. తల నిటారుగా. నన్ను కాదు, ఫ్రిజ్ పైకి చూస్తోంది.

కిడ్నీ నయమయ్యే జబ్బు కాదు, మందులు ఇక ఎప్పటికీ ఉంటాయి. అందుకే "అన్నా, హ్యాపీ ఎండింగ్ వీడియో పెట్టు" అంటే పెట్టను. ఆ పాత షార్ట్‌ని డౌన్‌లోడ్ చేసుకుని ఇంకా తిప్పుతున్న పేజీలు మూడు కనిపించాయి, వాటి కింద నేను ఒకటే కామెంట్ పెడుతున్నా, ఆ అమ్మాయి నాకు పెట్టిందే. మీకూ కనిపిస్తే పెట్టండి. అమ్మా, ఆ కామెంట్ రాసింది మీరే అయితే, షార్ట్‌తో పాటు అదీ పోయింది, మీ ఐడీ నాకు గుర్తులేదు, ఇక్కడ ఒకసారి పలకండి. శనివారం పిక్కకి మళ్లీ రక్తపరీక్ష ఉంది. నంబరు ఎంతొచ్చిందో కమ్యూనిటీ ట్యాబ్‌లో పెడతా.