అరవై అయిదేళ్లకు మొదటి ఆల్బమ్! కార్టోలా రికార్డు రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ రికార్డు నేను కొనలేదు. ఒక షాపువాళ్లు ఊరికే పంపారు. రికార్డు బరువెంత, ఎక్కడ ప్రెస్ చేశారు లాంటివాటి జోలికి పోను.

బ్రెజిల్ సాంబా గాయకుడు కార్టోలా ఆల్బమ్ ఇది, 1976లో వచ్చింది. కవర్ మీద కిటికీలో ఆయన, పక్కన భార్య జీకా. నాకు కోపం తెప్పించింది ఏంటంటే, లోపల ఆయన గురించి ఒక్క కాగితం పెట్టలేదు! ఎలాంటి మనిషండీ ఈయన. 1908లో రియోలో పుట్టారు. కుర్రతనంలో తాపీ పనిలో జుట్టు మీద సిమెంట్ పడకుండా టోపీ పెట్టుకుంటే, ఆ టోపీ పేరే ఈయనకి మిగిలిపోయింది. 1928లో మంగేయిరా సాంబా స్కూల్ పెట్టినవాళ్లలో ఒకరు. స్కూలంటే పాఠాలు చెప్పేది కాదు, కార్నివాల్ ఊరేగింపు జట్టు. తర్వాత ఏళ్ల తరబడి కనిపించకుండా పోయారు. 1956లో సెర్జియో పోర్టో అనే జర్నలిస్టుకి కనిపించేసరికి రియోలోనే ఇపనీమా అనే పేటలో కార్లు కడుగుతున్నారు. సొంతంగా మొదటి ఆల్బమ్ వచ్చింది 1974లో, అరవై అయిదేళ్లకి. ఇది దాని తర్వాతది.

సరే, ఇక నా పిచ్చి. ఏడు తీగల గిటార్. మామూలు గిటార్‌కి ఆరే కదా, ఏడోది మంద్రం కోసం. ఇందులో దాన్ని వాయించింది దీనో, ఆ వాయిద్యానికి పెద్ద పేరు. కార్టోలా ఒక లైను పాడి ఊపిరి తీసుకుంటారు చూడండి, ఆ సందులో ఈ గిటార్ మెట్లు దిగుతున్నట్టు కిందికి వెళ్లి, ఆయన తర్వాతి లైను అందుకునే చోట సిద్ధంగా నిలబడుతుంది. ముందు వాడిన బ్లూటూత్ స్పీకర్‌లో ఇదే ఆల్బమ్ రెండేళ్లు విన్నాను. అన్ని పాటల్లోనూ ఒకటే గుం గుం! ఇప్పుడు వింటుంటే, ఇన్నాళ్లూ సగం పాటే విన్నానా అనిపించింది.

మొదటి పాటకి అర్థం ‘లోకం ఒక తిరగలి’. ఇల్లు వదిలి వెళ్తున్న అమ్మాయికి చెప్పే మాటలు. ఆ గొంతులో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. నా కాపీలో సరిగ్గా ఇక్కడే టక్ టక్‌మని గీత. ఒళ్లు మండింది, కానీ ఆపలేదు.

గులాబీల పాట సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పెరట్లో పూలు ఇంతలా పూశాయేంటని జీకా అడిగితే, ఏమో, గులాబీలు మాట్లాడవుగా అన్నారట. పాట అక్కడ మొదలైంది.

మార్కులు అడగొద్దు. గీత ఉంది, కాగితం లేదు, అయినా ఈ వారం వేరేదేమీ పెట్టలేదు. షాపువాళ్లూ, మంచి కాపీ పంపితే పంపండి, ఇది మాత్రం తిరిగివ్వను.