కొండ మీద ఈఓ గారు ఎవరి మనిషి?

[దృశ్యం: తెల్లవారుజాము. ఇంద్రకీలాద్రి మెట్లు, కింద కృష్ణ, దూరంగా బ్యారేజీ దీపాలు]

వాయిస్: బెజవాడలో ఎవర్ని కదిపినా ఒకటే మాట. "మా ఊళ్లో తేడాల్లేవండీ. దసరాకి దుర్గమ్మ కొండెక్కుతాం, ఫిబ్రవరిలో గుణదల మేరీ మాత తిరనాళ్లకీ పోతాం." నిజమే. గుణదలలో కొబ్బరికాయ కొట్టి, తలనీలాలిచ్చే హిందువులు బోలెడంతమంది.

అయితే దాని పేరు మత సామరస్యం. లౌకికవాదం వేరు. సామరస్యం ఇరుగుపొరుగు మంచితనం. లౌకికవాదం ప్రభుత్వం మెడకు కట్టిన షరతు: మీరు రోజూ గుడికెళ్లినా, దేవుడే లేడన్నా, సర్కారు మీ ఇద్దర్నీ ఒకేలా చూడాలి. రాజ్యాంగం పీఠికలో ఆ మాట 1976లో 42వ సవరణతో చేరింది గానీ, షరతు 1950 నుంచీ ఉన్నదే. 25వ అధికరణలో మతం కంటే ముందు అంతరాత్మ స్వేచ్ఛ అని రాశారు. 1940లో నాస్తికవాది గోరా గారు ముదునూరులో పెట్టి, 1947లో బెజవాడకు తెచ్చిన నాస్తిక కేంద్రానికీ ఆ మాటే గొడుగు.

[దృశ్యం: హుండీ లెక్కింపు. నోట్ల కుప్పలు, లెక్కపెట్టే చేతులు]

మరి ఇక్కడ లెక్క చూస్తున్న ఈఓ గారు, అంటే గుడి కార్యనిర్వహణాధికారి, ప్రభుత్వోద్యోగి కదా? గుడిలో ప్రభుత్వానికేం పని? ఫ్రాన్సులో అయితే 1905 చట్టంతో సర్కారు ఏ మతానికీ గుర్తింపు, జీతం ఇవ్వనని పక్కకు తప్పుకుంది. మనవాళ్లు తప్పుకోలేదు, గీత గీశారు. అమ్మవారికి ఏ రోజు ఏ అలంకారం, ఏ వేళకు ఏ నైవేద్యం అనేది మతం. హుండీ డబ్బు, షాపుల వేలం, మాన్యం భూముల కౌలు అనేవి లౌకిక వ్యవహారం. మొదటిదాని జోలికి పోకూడదు, రెండోదాన్ని చట్టం పట్టించుకోవచ్చు.

వినడానికి తేలిగ్గానే ఉంది. చిక్కంతా అర్చకుడి దగ్గర వచ్చింది. తండ్రి తర్వాత కొడుకు గర్భగుడిలోకి వెళ్లడం మతమా, ఉద్యోగమా? ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య హక్కుల్ని రద్దు చేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996లో కోర్టు చట్టాన్నే సమర్థించింది: అర్చన మతమే, అర్చకుణ్ణి నియమించడం మాత్రం లౌకికమే అని. ఒకే మనిషి, గడప ఇవతల ఉద్యోగి, అవతల పూజారి! 2007లో చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాలకు కొంత వెసులుబాటు ఇచ్చారు. గీత ఎంత పల్చనో చూడండి.

[దృశ్యం: పాత మద్రాసు రాష్ట్రం మ్యాపు]

"మరి ఈ సర్కారు అజమాయిషీ గుళ్లకే ఎందుకు?" అనే ప్రశ్న రాకుండా ఉండదు, తీసిపారేసేదీ కాదు. 1817లో కంపెనీ దొరలు గుళ్ల మాన్యాలతోపాటు మసీదుల ఆస్తుల మీదా అజమాయిషీ పెట్టారు. 1863లో బ్రిటిష్ సర్కారు వాటిని స్థానిక కమిటీలకు అప్పజెప్పి తప్పుకుంది. మాన్యాలు కరిగిపోతున్నాయన్న గోల మీద 1925లో మద్రాసులో పానగల్ రాజా మంత్రివర్గం హిందూ దేవాదాయ చట్టం చేసింది. నేటి దేవాదాయ శాఖ వేళ్లు అక్కడున్నాయి. మసీదుల ఆస్తులకు వక్ఫ్ చట్టం, బోర్డు ఉన్నాయి. చర్చిలకు అలాంటి శాఖ లేదు, సొసైటీలు, ట్రస్టులుగా నడుస్తాయి. ఇది సమానంగా లేదని నాకూ అనిపిస్తుంది. అలాగని గుళ్లను వదిలేయమనేవాళ్లు ఎవరి చేతిలో పెట్టాలో చెప్పరు. పాత ధర్మకర్తల చేతిలో మాన్యాలు ఏమయ్యాయో మన ఊళ్లలో పెద్దవాళ్లనడిగితే చెబుతారు.

[దృశ్యం: దసరా. మేళతాళాలు, పట్టువస్త్రాల పళ్లెం]

మూలా నక్షత్రం రోజు ముఖ్యమంత్రి ప్రభుత్వం తరఫున అమ్మవారికి పట్టువస్త్రాలు సమర్పిస్తారు. ఏ ఒక్క మతాన్నీ పెంచడానికి పన్ను కట్టమని ఎవర్నీ బలవంతం చేయకూడదంటుంది 27వ అధికరణ. ముస్లింల హజ్ యాత్రకిచ్చిన సబ్సిడీ కేసులో 2011లో సుప్రీంకోర్టు, పన్నుల్లో పెద్ద వాటా అలా పోతేనే ఆ అధికరణ అడ్డొస్తుందంది. ఆ సబ్సిడీని 2018లో ప్రభుత్వమే ఆపేసింది.

కోర్టు చెప్పిన లెక్కన పట్టుచీర ఖరీదు ఏ పద్దుకూ రాదు. కానీ పళ్లెం తలమీద పెట్టుకుని నడిచేది ముఖ్యమంత్రి హోదాలో ఉన్న మనిషి. హోదాకు రూపాయల్లో ఎంత వేస్తారు?

[దృశ్యం: పళ్లెం లోపలికి వెళ్తుంది. బయట క్యూలైను కదలదు]