పెన్సిల్‌తో రాసే అంకె

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను "అవినీతి నిర్మూలన" మీద మాట్లాడమన్నారు. నిర్మూలన సంగతి నాకు తెలీదు. ముప్పై ఏళ్లుగా ఇళ్లకు ప్లాన్లు గీసి, పర్మిషన్లు తెప్పించి బతుకుతున్నవాణ్ణి, అది ఎట్లా మొదలవుతుందో మాత్రం దగ్గరగా చూశాను. అందుకే ఉపన్యాసం బదులు ఒక కార్పొరేటర్ సంగతి చెబుతా. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను, సీమలోనే ఒక ఊరు అనుకోండి. ఇక్కడి వాళ్లెవరో అని బుర్ర పాడు చేసుకోవద్దు, మన కర్నూలుకు 2010లో పాలకవర్గం గడువు అయిపోయాక 2021 మార్చి దాకా ఎన్నికలే లేవు, కాలువ పూడితే ఎవర్ని తిట్టాలో కూడా తెలీని రోజులు చాలానే చూశాం. ఆ ఎన్నికల్లో 52 డివిజన్లకు 52 మంది వచ్చారు, తిట్టడానికి కొరత తీరింది.

ఆయనది మోటార్ల రివైండింగ్ షాపు. చేతికి ఎప్పుడూ వార్నిష్ వాసన. ఎండాకాలం మా వీధికి ట్యాంకరు వస్తే డ్రైవరును దింపేసి తానే పైకెక్కి పైపు పట్టుకునేవాడు, బిందెల వరుసలో ముసలమ్మలు ముందు, మొగోళ్లు చివర, ఎవడైనా అడ్డొస్తే వాడి బిందె తన్నేవాడు. సీమలో నీళ్లు పట్టించినవాణ్ణి జనం మర్చిపోరు. పార్టీ వాళ్లు వెతుక్కుంటూ వచ్చి టికెట్ ఇచ్చారు.

గెలిచాడు. గెలవడానికి పద్దెనిమిది లక్షలు అయిందని ఆయనే నాతో చెప్పాడు. భార్య నగలు, షాపు వెనక స్థలం పోను మిగతాది మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు, పోయిన నగలు విడిపించడానికి ఇంకో అప్పు, మొత్తం మీద ఆరు నెల్లకే తల మీద పద్దెనిమిది లక్షలూ అప్పే. నెలకు వడ్డీ యాభై నాలుగు వేలు. కార్పొరేటర్‌కు వచ్చే గౌరవ వేతనం దాంట్లో ఒక మూలకు కూడా రాదు, పైగా షాపు తీసే టైం లేదు, పొద్దున ఆరుకే ఇంటి ముందు జనం, పింఛను రాలేదని, పంది గుంటలో పడి చచ్చిందని, మా కోడల్ని మీరే సర్దిచెప్పాలని. వచ్చినోళ్లందరికీ టీ. టీ ఖర్చు కూడా ఆయనదే. ఆ పద్దెనిమిది లక్షలు ఎక్కడికి పోయాయంటారా? సగం మన వీధులకే వచ్చింది సార్. పోలింగుకు ముందు రాత్రి కవర్లు తీసుకున్నోళ్లం మనమే కదా.

ఆయన చేసిన మొదటి సాయం నాకే. ఇది దాచి మిగతాది చెప్తే బాగుండదు.

ఒక టీచరు గారి ఇల్లు, రెండున్నర సెంట్ల స్థలం, పక్కన వదలాల్సిన జాగాలో అడుగున్నర లోపలికి జరిపేశాం. సెంట్రింగు కొట్టారు, కమ్మీ కట్టారు, పొద్దున్నే స్లాబు. సరిగ్గా ముందురోజు సాయంత్రం టౌన్ ప్లానింగ్ మనిషి వచ్చి పని ఆపమన్నాడు. ఇల్లు కట్టినోళ్లకు తెలుసు, మనిషి ప్రాణం గొంతులోకి వచ్చేది స్లాబు ముందు రోజే. సెంట్రింగు అద్దె రోజులెక్క, కూలీలు వేరే పనికి పోతే మళ్లీ దొరకరు, పైన మబ్బు. నేను కార్పొరేటర్‌కు ఫోన్ చేశా. ఆయన బండి మీద వచ్చి ఆ మనిషి భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయి, రెండు నిమిషాల్లో వచ్చి, "నీకెందుకన్నా, నేనుండా కదా, పొద్దున కానీ" అన్నాడు. ఒక్క రూపాయి తీసుకోలా. ఆ టీచరు గారైతే ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

రెండోసారి ఇంకొక ఇల్లు, ఇంకొక స్లాబు. ఈసారి ఆ మనిషికి ఇంత ఇవ్వాలన్నాడు, ఇప్పించాను. మూడోసారి ఆ అంకె కొంచెం పెరిగింది, ఎందుకని నేను అడగలా. నాలుగోసారికి ఒక పద్ధతి కుదిరింది. ప్లాను బ్లూప్రింటు కుడి మూలన, ఎత్తు కొలతలు రాసే చోట, నేను పెన్సిల్‌తో ఒక చిన్న అంకె వేసేవాణ్ణి. వేలల్లో. ఫైలు వెనక్కి వచ్చేసరికి ఆ అంకె రబ్బరుతో చెరిపేసి ఉండేది, కాయితం అక్కడ కొంచెం నూగు లేచి గరుకుగా తగిలేది. చేత్తో తడిమితే తెలిసేది డబ్బు అందిందని.

2016లో ప్లాన్లు ఆన్‌లైన్ అయ్యాయి, 2017లో జీవో 119తో కొత్త నిర్మాణ నిబంధనలు వచ్చాయి. ఇక పెన్సిల్ పనిలేదనుకున్నాం. ఫైలు కంప్యూటర్లో పోతుంది, నిజమే, కానీ అవతల కూర్చున్న మనిషి "షార్ట్‌ఫాల్", అంటే ఏదో తక్కువైందని, ఒక మాట కొట్టి వెనక్కి పంపితే మళ్లీ ఫోనే, మళ్లీ అదే మనిషే. ఇంక బీపీఎస్, అంటే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీం, ఉండనే ఉంది, 2007 నుంచి ప్రభుత్వాలు మారినా పథకం మాత్రం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది, తప్పు కట్టి జరిమానా కడితే సక్రమం చేస్తాం అని. నిబంధన ప్రకారం కట్టినవాడు పిచ్చోడిలా కనబడే ఏర్పాటు అది, ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోయినా పర్లేదు.

రోడ్ల సంగతి క్షుణ్ణంగా చెప్పను, మీకందరికీ తెలిసిందే. టెండరు పిలవాల్సిన పనిని టెండరు లేకుండా ఇవ్వడానికి ముక్కలు చేయడం, సమావేశం రోజు అప్పటికప్పుడు టేబుల్ అజెండాలో పెట్టి చప్పట్లు కొట్టించడం, ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఆరంగుళాల సిమెంటు కాంక్రీటు, నేల మీద నాలుగు. కార్పొరేషన్‌తో జరిగే కాంట్రాక్టులో సభ్యుడికి వాటా ఉంటే పదవి పోతుందని చట్టంలోనే ఉంది, 1955 నాటి హైదరాబాద్ కార్పొరేషన్ చట్టం అది, 1994లో మిగతా కార్పొరేషన్లకు కూడా దాన్నే వర్తింపజేశారు. అందుకే పనులు బావమరిది పేరు మీద ఉంటాయి. మొన్న 2025లో కడప మేయర్‌ను ప్రభుత్వం పదవి నుంచి తప్పించింది కూడా కుటుంబ సభ్యుల సంస్థకు పనులిచ్చారన్న ఆరోపణ మీదే, ఆయన దాన్ని సవాలు చేస్తూ హైకోర్టుకు వెళ్లారు. అందులో నిజమెంతో నేను తేల్చేవాణ్ణి కాదు, అట్లాంటి నిబంధన ఒకటి ఉందని చెప్పడానికి చెబుతున్నా.

నాకు బాధ కలిగించింది వంక, అంటే వానొస్తే పొంగే వాగు. మావాడు రెండో విడత గెలిచాక వంక గట్టున లేఅవుట్ వేయించాడు, బావమరిది పేరు మీదే. ఆ ప్లాను గీయమంటే మాత్రం నేను గీయలా, అంత మంచోణ్ణని కాదు, భయమేసి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి మన కర్నూలును ఏం చేశాయో మిద్దె మీద నిలబడి చూసినవాణ్ణి. 2020 నవంబరులో నివర్ తుపానుకు కడపలో బుగ్గవంక ఇళ్లల్లోకి వచ్చింది, 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. వంకకు ఎవరి సిఫార్సూ పనిచేయదు. నేను కాకపోతే ఇంకొకడు గీశాడు, అంతే.

చివరికి ఆయన దొరికింది లేఅవుట్ దగ్గర కాదు, ఒక చిన్న బేకరీ దగ్గర. షాపు ముందు రేకుల షెడ్డు తీయించకుండా ఉండాలంటే ఇరవై వేలు. ఆ బేకరీ పిల్లోడు ఏసీబీకి పోయాడు. ఆ నోట్లకు ఒక తెల్లటి పొడి పూస్తారు, ఫినాఫ్తలీన్ అంటారు, ఇద్దరు మధ్యవర్తుల ముందు నోట్ల నంబర్లు రాసుకుంటారు. కార్పొరేటర్ షాపు నాకు ఎదురే కాబట్టి గుంపులో నేనూ ఉన్నా. గాజు గ్లాసులో సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లు, చూడ్డానికి మామూలు నీళ్లే. ఆయన్ను కుడిచెయ్యి ముంచమన్నారు, ఆ పొడి అంటి ఉంటే నీళ్ల రంగు మారుతుంది. మందార పువ్వు పిండినట్టు గులాబీ రంగు వచ్చేసింది. ఒకప్పుడు వార్నిష్ వాసనొచ్చే చెయ్యి. ఆయన గ్లాసు కేసి చూడలా, గుంపులో నన్ను చూశాడు. నేను చెప్పుల కేసి చూసుకున్నా.

అప్పటి చట్టం వేరు, ఇప్పుడు శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా. 2018 సవరణ తర్వాత ఇచ్చినవాడిదీ నేరమే, బలవంతం మీద ఇచ్చానని ఏడు రోజుల్లోగా పోలీసులకు చెబితే బయటపడొచ్చు. అంటే నాలాంటోళ్లు జాగ్రత్త. ఎవరైనా అడిగితే ఏసీబీకి ఫోన్ చేయొచ్చు, గుర్తుపెట్టుకోండి.

కేసు ఏళ్ల తరబడి నడిచింది, ఈలోగా బేకరీ పిల్లోడు కోర్టులో మాట మార్చాడు. ఎవరు మార్పించారో అడగొద్దు. కోర్టు కేసు కొట్టేసింది. ఇప్పుడైతే అంత తేలిక కాదు, ఫిర్యాదుదారు అడ్డం తిరిగినా మిగతా సాక్ష్యాలతో రుజువు చేయొచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మావాడు ఊరేగింపుతో ఇంటికొచ్చాడు, మూడోసారి పోటీ చేశాడు, ఓడిపోయాడు. అవినీతి వల్ల ఓడాడనుకుంటున్నారా? అవతలివాడు కవరులో ఐదొందలు ఎక్కువ పెట్టాడు.

పోయిన నెల నా ఆఫీసుకొచ్చాడు. మనిషి తగ్గిపోయాడు. కూతురికి ఇల్లు కట్టాలంట, మూడు సెంట్లు, పక్కన అడుగు జరపాలంట. ప్లాను ప్రింటు తీసి బల్ల మీద పరిచా. చాలాసేపు చూసి, "ఇప్పుడున్నోడు ఎంతంటాడు?" అన్నాడు. నాకు తెలీదన్నా. నవ్వి, నా బల్ల మీద పెన్సిల్ తీసుకుని కుడి మూలన తానే ఒక అంకె వేసి, "దీనికి పైన అడిగితే నాకు ఫోన్ చెయ్ అన్నా, వాడి కథ నాకు తెలుసు" అని లేచిపోయాడు.

ఆ ప్లాను ఇంకా అప్‌లోడ్ చేయలా, బల్ల మీదే ఉంది. ప్రశ్నలుంటే అడగండి, పేరు తప్ప.