తాడు పట్టినవారే మాట్లాడాలి

వ్యాఖ్యాత: నమస్కారం. కడప నుంచి మాట్లాడుతున్నాను. గండికోటకు వెళ్లినవారు సాధారణంగా పెన్నా లోయ అంచున నిలబడి ఫొటోలు తీసుకుని, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసుకుని తిరిగి వస్తారు. ఈ రోజు మన అతిథి మాత్రం ఆ ఎర్రమల కొండల బండల మీదకు ఇంటిల్లిపాదితో కలిసి తాళ్లు కట్టుకుని ఎక్కి వచ్చారు. ఆమె ప్రొద్దుటూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తారు. మేడం, ఈ ఆలోచన ఎవరిది?

అతిథి: మా అమ్మాయిది. ఆమె తొమ్మిదో తరగతి చదువుతోంది. 2014లో మలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులోనే ఎవరెస్ట్ ఎక్కిందని తెలిసినప్పటి నుంచి, తాను ఆ వయసు దాటిపోయానని నిజంగానే బాధపడేది. ఎండాకాలంలో మన బండల మీద చేయి పెట్టలేము కాబట్టి డిసెంబరు దాకా ఆగి, ఒక ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి జమ్మలమడుగు మీదుగా వెళ్లాం. మా వారు, నేను, అమ్మాయి, పదేళ్ల అబ్బాయి, మాకు తోడుగా మా అత్తమ్మ.

వ్యాఖ్యాత: వెళ్లగానే ఎక్కించారా?

అతిథి: లేదు, దాదాపు గంటసేపు నేల మీదనే ఉంచారు. గైడు మొదట అందరి బరువూ అడిగారు. మంచి గైడుకు అదే మొదటి గుర్తు అని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. మా అబ్బాయి ఇరవై ఏడు కిలోలు ఉంటాడు, నడుము సన్నం. నడుముకు మాత్రమే కట్టే హార్నెస్, అంటే తాడు తగిలించుకునే పట్టీల కట్టు, అయితే తలకిందులైనప్పుడు పిల్లవాడు అందులోంచి జారే ప్రమాదం ఉందని, ఛాతీని, భుజాలను కూడా పట్టి ఉంచే నిండు హార్నెస్ కట్టారు. అంతలో మా అత్తమ్మ, "ఏం నాయనా, ఈ తాడు తెగితే ఎట్లప్పా?" అని అడిగారు. ఆయన విసుక్కోకుండా సంచిలోంచి ఒక పాత తాడు ముక్క తీసి, కోసిన చివరను ఆమె అరచేతిలో పెట్టారు. పైన రంగురంగుల నేత తొడుగు, లోపల తెల్లటి పోగులు. బరువులో చాలా భాగాన్ని లోపలి పోగులు మోస్తాయి, తొడుగు వాటిని రాపిడి నుంచి కాపాడుతుంది.

వ్యాఖ్యాత: మన బావి చేంతాడుకూ దానికీ తేడా అదేనా?

అతిథి: అసలు తేడా సాగడంలో ఉంది. ఎక్కేటప్పుడు కట్టే తాడు సాగాలి. సాగని తాడు మీద మనిషి పడితే, ఒక్క క్షణంలో ఆగిపోవడం వల్ల ఆ కుదుపంతా నడుముకూ వెన్నుకూ తగులుతుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం కదా, ఆగడానికి పట్టే సమయం పెరిగితే బలం తగ్గుతుందని తరగతిలో ఆ ఉదాహరణే చెబుతాను. ఆ రోజు దాన్ని నా నడుముతో తెలుసుకున్నాను.

వ్యాఖ్యాత: మీ వారిది నాపరాళ్ల వ్యాపారం కదా, ఆయనకు బండ కొత్త కాదు.

అతిథి: అది నేను తప్పక చెప్పాలి. ఎక్కేముందు గైడు పిడికిలితో బండను తట్టి చూపించారు. గట్టి బండ మొద్దుగా పలుకుతుంది, పొర లేచిన చోట డొల్లగా మోగుతుంది. మా వారు వెంటనే వంగి చెవి ఆనించారు. యర్రగుంట్ల దగ్గర యూనిట్‌లో రోజూ సుత్తితో నాపరాళ్లను తట్టి, పగులు ఉన్న పలకను ఆయన పక్కన పెట్టిస్తారు. నాపరాయి సున్నపురాయి, గండికోట బండ మాత్రం వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్. రాయి వేరైనా చెవికి తెలిసిన విద్య ఒకటే. అడ్డంగా పొరలు పొరలుగా ఉండటం వల్ల, వేళ్ల కొసలు ఆనేందుకు దానికి పదునైన అంచులు దొరుకుతాయి.

వ్యాఖ్యాత: తాడు ఎవరు పట్టారు?

అతిథి: తాడు పైనున్న గట్టి ఆధారం గుండా వచ్చి కిందివారి దగ్గరకు చేరుతుంది. కింద పట్టుకోవడాన్ని బిలే అంటారు. గైడు పక్కనే ఉండి మా చేతే పట్టించారు. మా వారు ఎనభై నాలుగు కిలోలు, నేను యాభై ఐదు. ఆయన జారితే నేనే గాలిలోకి లేస్తాను కాబట్టి, నా హార్నెస్‌ను వెనుక ఒక బండకు కట్టారు. పద్దెనిమిదేళ్ల సంసారంలో ఆయన బరువు నా చేతిలో అంత స్పష్టంగా ఎన్నడూ లేదు. సగం దూరంలో ఆయన కాలు జారినప్పుడు నాకు ముందు వినిపించింది అరుపు కాదు, తాడు బిగిసిన చప్పుడు.

వ్యాఖ్యాత: పిల్లలు భయపడలేదా?

అతిథి: భయం సంగతికి ముందు మా తప్పు చెబుతాను. అబ్బాయి ఎక్కడం మొదలుపెట్టగానే మేమందరం కింద నుంచి అరవడం మొదలుపెట్టాం. కుడికాలు పైన పెట్టమని వాళ్ల నాన్న, ఎడమచేతి పక్కన పగులు చూడమని అక్క, కిందికి చూడవద్దని నేను. వాడు బండను కరుచుకుని కదలకుండా ఉండిపోయాడు. గైడు మా వైపు తిరిగి, "తాడు పట్టినవారే మాట్లాడాలి, మిగిలినవారు దయచేసి ఊరుకోండి" అన్నారు. అంతా ఊరుకున్నాక, వాడు చాలాసేపు ఊపిరి తీసుకుని, చిన్న గొంతుతో "దిగుతా" అన్నాడు. "ఇంకొక్క అడుగేలే నాన్నా" అనే మాట నా నోటి దాకా వచ్చింది. ఆ మాట నా నోట రాకముందే గైడు తాడు వదులుతూ వాడిని కిందికి దింపడం ప్రారంభించారు. అడగగానే దింపుతారని ఒకసారి నమ్మకం కుదిరిన పిల్లవాడే మరోసారి ఎక్కుతాడని ఆయన తర్వాత చెప్పారు. బతిమాలి ఎక్కించడం వాడి మంచికేనని నేను అన్నేళ్లూ నమ్మాను, అది తప్పు. ఆ రోజు వాడు మళ్లీ ఎక్కలేదు. అక్క ఎక్కుతుంటే నా వెనుక నిలబడి తాడు కొసను రెండు చేతులతో పట్టుకున్నాడు. అదీ నిజమైన పనే, బిలే చేసేవారి చేయి జారితే ఆ కొసే ఆధారం.

వ్యాఖ్యాత: తీగల మీద నడక సంగతి కూడా చెప్పండి.

అతిథి: రెండు గుట్టల మధ్య రెండు ఇనుప తీగలు, ఒకటి కాళ్లకు, ఒకటి చేతులకు. ఇటలీలోని డోలమైట్ పర్వతాల్లో మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనికులు కొండ గోడలకు ఇలాగే తీగలు, నిచ్చెనలు బిగించుకున్నారని, అలాంటి దారులను ఇప్పటికీ వియా ఫెర్రాటా, అంటే ఇనుప దారి అంటారని గైడు చెప్పారు. అక్కడ వాడే, పడినప్పుడు కుట్లు విడి తెరుచుకుంటూ కుదుపు తగ్గించే పట్టీలు 40 నుంచి 120 కిలోల వారికోసం చేసినవి. తేలికైన పిల్లల బరువుకు అవి సరిగా తెరుచుకోవు కాబట్టి, వారిని పైనుంచి మరో తాడుతో కూడా పట్టుకోవాలి.

మా హార్నెస్‌లకు రెండు పట్టీలు, రెండు కొక్కేలు ఉండేవి. తీగకు ఆధారం ఉన్న చోట కొక్కెం మార్చుకోవాలి, కానీ ఒకటి తగిలించిన తర్వాతే రెండోది తీయాలి. మా అమ్మాయి తొందరలో రెండింటి మీదా చేయి వేసింది. గైడు అరవలేదు, ఆమె మణికట్టు పట్టుకుని, ఆమె తనంతట తాను చూసుకునేదాకా ఆగారు. ఆ తర్వాత ఆమె ప్రతిసారీ "తగిలింది, మర తిప్పాను" అని పైకి చెప్పి కదిలింది. కొక్కెం మూత తెరుచుకోకుండా బిగించే ఆ మర ముఖ్యం. కారబైనర్ అనే ఆ కొక్కెం నిలువునా కనీసం 20 కిలోన్యూటన్లు, అంటే సుమారు రెండు టన్నుల బరువు తట్టుకోవాలి. మూత తెరిచి ఉంటే ఆ బలం మూడో వంతుకు పడిపోవచ్చు.

వ్యాఖ్యాత: మళ్లీ వెళ్తారా?

అతిథి: ఎండలు ముదరకముందే వెళ్తాం. మా అబ్బాయి ఇప్పటికే ఒక మాట అడిగి పెట్టాడు, ఈసారి తాను ఎక్కేటప్పుడు తాడు అక్క పట్టాలట.