మోటార్ కాలిందా? వైండింగ్ విప్పించే ముందు ఇది చూడండి

(దృశ్యం: చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌. వైండింగ్ షాపు బల్ల మీద కవర్లు తీసిన మోటార్.)

నమస్కారమండి. అంబత్తూరులో, గిండీలో మెయింటెనెన్స్ పని చేస్తున్న మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఈ వీడియో ముఖ్యంగా మీకోసమే.

మోటార్ కాలగానే ఆటోలో వేసి షాపుకు పంపేస్తాం. సాయంత్రానికి పాత కాయిల్స్ (వైండింగ్, అంటే రాగి తీగ చుట్లు) పీకేస్తారు, రాగి తూకానికి పోతుంది. ఎందుకు కాలిందో చెప్పే ఆధారం కూడా దాంతోనే పోతుంది. కారణం మాత్రం మీ ప్యానెల్‌లోనే కూర్చుని ఉంటుంది, కొత్త వైండింగ్‌ని కూడా కాలుస్తుంది. అందుకే పీకకముందే రెండు వైపులా ఫోటో తీసి పంపమని షాపువాళ్లకు చెప్పండి.

(క్లోజప్: కాయిల్స్. రెండు గ్రూపులు నల్లగా, పక్కది మెరుస్తూ.)

"అన్నా, కనెక్షన్ ఏంటిది?"

"స్టారే తమ్ముడూ, మూడు ఫేజుల చివర్లు ఒకచోట కలిపింది. చూడు, రెండు ఫేజులు బొగ్గయ్యాయి, మూడోదానికి వార్నిష్ రంగు కూడా మారలేదు."

ఇది సింగిల్ ఫేజింగ్. నడుస్తుండగా ఒక లైన్ పోయింది, కరెంటంతా మిగిలిన రెండు ఫేజుల మీద పడింది. డెల్టా (ఫేజులను త్రిభుజంలా కలిపిన) మోటార్ అయితే తిరగేసి కనిపిస్తుంది: ఒక ఫేజ్ కాలి, రెండు బాగుంటాయి. అన్ని పోల్స్‌లోనూ, అంటే చుట్టూ కాయిల్స్‌లో, ఇదే వరుస. ఇలా కనిపిస్తే మోటార్‌ని వదిలేసి ఫ్యూజులు, కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు కలిపి తెంచే స్విచ్) పాయింట్లు, వదులైన లగ్గులు (కేబుల్ కొసలకు బిగించే ముక్కలు) వెతకండి. ఒక లైన్ పోగానే మోటార్‌ని ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేకపోతే పెట్టించండి.

మూడు ఫేజులూ ఒకేలా మాడితే ఓవర్‌లోడ్, రోటర్ జామ్, లేదా గాలి ఆడకపోవడం. ఫ్యాన్ కవర్ మీద దుమ్ము పేరుకున్నా చాలు. వైండింగ్ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగమవుతుంది.

కరెంటు ఎక్కువైతే మోటార్‌ని ఆపే ఓవర్‌లోడ్ రిలే ఉంది కదా అంటారా? దాని సెట్టింగ్ చూడండి. మోటార్‌ని స్టార్‌లో మొదలుపెట్టి డెల్టాకు మార్చే స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే సాధారణంగా వైండింగ్ వైపు లైన్లో ఉంటుంది. అక్కడ నేమ్‌ప్లేట్ (మోటార్ మీది రేకు) కరెంటులో 58 శాతానికే పెట్టాలి. 20 ఆంపియర్ల మోటార్‌కు 11.6. చాలామంది 20కే తిప్పేస్తారు. ఇక ఆ రిలే ఉన్నా లేనట్టే.

(దృశ్యం: మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటర్, పట్టుకున్న చేతులు.)

ఇప్పుడు చెమ్మ సంగతి. చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, పైగా సముద్రపు గాలి. కేబుల్ గ్లాండ్ (కేబుల్ లోపలికి వెళ్లే చోటి బిగింపు) ఊడిన టెర్మినల్ బాక్సులోకి నీరు దూరుతుంది. చాలాకాలం ఆగి ఉన్న మోటార్‌ని మెగ్గర్ చూడకుండా స్టార్ట్ చేయకండి. సప్లై ఆపి, తాళం వేసి, కేబుల్ విప్పండి. డ్రైవ్ (మోటార్ వేగం మార్చే పరికరం) ఉంటే తప్పకుండా విడదీయండి, లేకపోతే మెగ్గర్ వోల్టేజీకి డ్రైవే పోతుంది. 415 వోల్టుల మోటార్‌కు 500 వోల్టుల డీసీ, ఒక నిమిషం. 5 మెగాఓమ్‌ల కంటే తక్కువొస్తే స్టార్ట్ చేయొద్దు, ముందు ఆరబెట్టండి. చూశాక వైండింగ్‌ని డిశ్చార్జ్ చేయడం మరవకండి.

ఒక్క రీడింగ్‌తో తృప్తిపడకండి. ప్రతినెలా రాసి పెట్టండి, వైండింగ్ వేడి కూడా పక్కన రాయండి. వేడి మోటార్‌కు రీడింగ్ తగ్గుతుంది. 200 మెగాఓమ్‌లు ఉన్నది 80, 80 నుంచి 30 అయిందంటే ఇంకా హద్దు దాటలేదని ఊరుకోకండి, ఎక్కడో చెమ్మో మురికో చేరుతోంది.

రీవైండింగ్ గురించి ఒక మాట. పాత కాయిల్స్‌ని మంట పెట్టి విచ్చలవిడిగా కాల్చి తీసే షాపుకు ఇవ్వకండి. కోర్‌లోని స్టాంపింగుల (పలుచని ఇనుప రేకుల) మధ్య ఇన్సులేషన్ దెబ్బతిని, కోర్ ఎప్పటికీ వేడెక్కుతూనే ఉంటుంది. వార్నిష్ ఓవెన్‌లో ఆరిందో లేదో స్వయంగా వెళ్లి చూడండి.

(దృశ్యం: మోటార్ మళ్లీ ఫ్యాక్టరీలో. టాంగ్ టెస్టర్, అంటే తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటర్.)

బిగించాక లోడ్ మీద మూడు లైన్ల కరెంటూ చూడండి. తేడా ఎక్కువుంటే సప్లై ఆపి, మూడు లైన్లనూ ఒక్కో స్థానం వరుసగా జరపండి. తిరిగే దిశ మారదు. ఎక్కువ కరెంటు అదే సప్లై లైన్లో ఉండిపోతే తప్పు సప్లైది. కొద్దిపాటి వోల్టేజ్ తేడా కూడా కరెంటులో 6 నుంచి 10 రెట్లు కనిపించగలదు. మోటార్ లీడ్‌తో పాటే జరిగితే తప్పు వైండింగ్‌ది. మోటార్‌ని ఆ రోజే షాపుకు తిప్పి పంపండి.